షరతులకు తలవంచని ఆశుతోష్ ముఖర్జీ

విద్యాపీఠాలకు ఆపద నిషేధాజ్ఞల రూపంలోనే వస్తుందనుకోవడం పొరపాటు. ఒక్కొక్కప్పుడు అది ధనసహాయంగా వస్తుంది. మరొకప్పుడు ఉన్నత పదవిగా వస్తుంది. చివర చిన్న షరతు మాత్రం ఉంటుంది. 1922, 1923 సంవత్సరాలలో ఈ రెండూ కలకత్తా విశ్వవిద్యాలయం వాకిట నిలిచాయి. రెండింటినీ కాదనగలిగిన ధీమంతుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ.

ఆయన 1864 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి గంగాప్రసాద్ వైద్యులు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1885లో గణితంలోను, మరుసటి ఏట భౌతికశాస్త్రంలోను ఎం.ఏ. పట్టాలు పొందారు. గణితపరిశోధనకే జీవితాన్ని అంకితం చేయాలని ఆయన ఆకాంక్ష. కాని అందుకు తగిన ఆచార్యపీఠం ఆనాటి విశ్వవిద్యాలయంలో లేదు. అది పరీక్షలు నడిపి పట్టాలు ప్రదానం చేసే సంస్థ మాత్రమే. గత్యంతరం లేక ఆయన న్యాయవాదవృత్తి చేపట్టి, 1904లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అయినా తనకు దక్కని పీఠం తరువాతి తరాలకైనా దక్కాలనే సంకల్పాన్ని విడువలేదు. ఇరవై అయిదేళ్ల వయస్సులో, 1889లోనే, ఆయన సెనేటు సభ్యులయ్యారు.

కర్జన్ ప్రభువు 1904లో తెచ్చిన విశ్వవిద్యాలయాల చట్టం విద్యపై ప్రభుత్వపు పట్టును బిగించింది. దేశమంతా దానిని నిరసించింది. 1906లో వైస్ ఛాన్సలరైన ఆశుతోష్ ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు కనుగొన్నారు. విశ్వవిద్యాలయం స్వయంగా ఆచార్యులను నియమించుకొని బోధన సాగించవచ్చునని అందులో ఉన్నది. సంకెల కోసం చేసిన ఇనుముతో ఆయన నాగలికర్రు చేయించారు. తారకనాథ్ పాలిత్, రాసవిహారీ ఘోష్ వంటి దాతల విరాళాలతో 1914లో విజ్ఞానకళాశాలకు శంకుస్థాపన జరిగింది. అందులోని పాలిత్ ఆచార్యపీఠానికి ఆయన ఎన్నుకొన్నది, ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో పరిశోధన సాగిస్తున్న యువకుడిని. ఆయనే చంద్రశేఖర వెంకటరామన్. బాల్యంలో విశాఖపట్టణంలో చదువుకొన్నవారు. ఆచార్యుడు విదేశాలలో శిక్షణ పొందిరావాలన్న నిబంధనను రామన్ అంగీకరించలేదు. ఆశుతోష్ ఆ నిబంధననే సడలింపజేశారు. 1917లో పీఠాన్ని అధిష్ఠించిన రామన్‌కు 1930లో నోబెల్ బహుమానం లభించింది. తత్త్వశాస్త్రపీఠానికి 1921లో మైసూరు నుండి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పదేళ్ల అనంతరం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యారు. ప్రాంతమూ భాషా చూడక ప్రజ్ఞనే చూచిన దృష్టి అది.

ఆ దృష్టికి ప్రభుత్వం అడ్డు తగలకపోలేదు. 1913లో విశ్వవిద్యాలయం ఎన్నుకొన్న అబ్దుల్ రసూల్, సుహ్రావర్దీ, కాశీప్రసాద్ జయస్వాల్ అనే ముగ్గురు ఉపన్యాసకుల నియామకాన్ని రాజకీయ కారణాలతో భారత ప్రభుత్వం ఆమోదించలేదు. జయస్వాల్ అనంతరకాలంలో ప్రాచీన భారత రాజ్యాంగవ్యవస్థలను గూర్చి ప్రామాణిక గ్రంథం రచించిన చరిత్రకారులు. పాండిత్యాన్ని పాండిత్యంతో కాక, రాజకీయాభిప్రాయంతో తూచితే విద్యకు కలిగే నష్టమేమిటో ఆ ఒక్క పేరే చెబుతుంది. మరుసటి ఏడాది ఆశుతోష్ పదవీకాలం ముగిసింది.

1921లో ఆయన మరల వైస్ ఛాన్సలరయ్యారు. అప్పటికి కాలం మారింది. ఒకవైపు సహాయనిరాకరణోద్యమం విద్యార్థులను కళాశాలలు వదలి రమ్మంటున్నది. మరొకవైపు విశ్వవిద్యాలయపు ఖజానా వట్టిపోయింది. ఆచార్యుల జీతాలకే కటకట. నూతన పరిపాలనావిధానంలో వంగరాష్ట్ర విద్యాశాఖ భారతీయ మంత్రి చేతికే వచ్చింది. 1922లో రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర లక్షల రూపాయలు ఇవ్వజూపింది. ఖర్చుల పద్దులు తమకు ఎప్పటికప్పుడు చూపాలని, తమ అభీష్టం మేరకే విద్యావిస్తరణ జరగాలని నిబంధనలు విధించింది. లెక్కలు చూపడానికి సంకోచించవలసిన పని లేదు. కాని ఏ శాస్త్రం బోధించాలో, ఏ శాఖ పెరగాలో ఖజానా నిర్ణయించే రోజున ఆచార్యుడు గుమాస్తాగా మిగులుతాడని ఆశుతోష్ గ్రహించారు. యజమాని విదేశీయుడైనా స్వదేశీయుడైనా ఈ విషయంలో ఆయనకు భేదం లేదు. ఆ డిసెంబరులో సెనేటు ఎదుట ఆయన చేసిన ప్రసంగం చిరస్మరణీయమైనది. ఆకలినైనా భరిస్తాము గాని షరతులతో కూడిన సొమ్ము ముట్టమనేదే దాని సారాంశం.

1923 మార్చిలో రెండవ పరీక్ష ఎదురయింది. గవర్నరూ విశ్వవిద్యాలయ ఛాన్సలరూ అయిన లిట్టన్ ప్రభువు ఆయనకు లేఖ వ్రాశారు. ప్రభుత్వాన్ని ప్రతిఘటించే ధోరణి మాని సహకరిస్తానంటే వైస్ ఛాన్సలర్ పదవి కొనసాగిస్తామని అందులోని తాత్పర్యం. ఆశుతోష్ ప్రత్యుత్తరం ఆలస్యం కాలేదు. అందులో మెత్తదనమూ లేదు. తాను ప్రభుత్వానికి సేవకుడు కాడని, విశ్వవిద్యాలయ శ్రేయస్సుకే బాధ్యుడనని తెలియజేసి, ఆ పదవిని తిరస్కరించారు.

ఆయనను విమర్శించినవారు లేకపోలేదు. సర్వాధికారాలూ తన చేతిలోనే ఉంచుకొన్నారని, ఆదాయానికి మించి శాఖలను పెంచారని సమకాలికులు కొందరు ఆక్షేపించారు. అందులో కొంత నిజం లేకపోలేదు. విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యం ఒక వ్యక్తి పట్టుదలపైనే ఆధారపడినప్పుడు, ఆ వ్యక్తి తొలగగానే దానికి రక్ష ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దానికి సమాధానం ఆ పీఠాలలో కూర్చున్న ఆచార్యులే చెప్పాలి.

1924 మే 25వ తేదీన, ఒక వ్యాజ్యం నిమిత్తం పాట్నాలో ఉండగా ఆయన ఆకస్మికంగా పరమపదించారు. అప్పటికి న్యాయమూర్తి పదవి గాని, వైస్ ఛాన్సలర్ పదవి గాని ఆయనకు లేవు. పదవి పోయినా ఆయన ప్రతిష్ఠ తరగలేదు. ఆయన నియమించిన ఆచార్యుల పరిశోధనలు మాత్రం కలకత్తా పేరును ఖండాంతరాలకు మోసుకొనిపోయాయి. ఇచ్చేవాని చేయి పైనే ఉంటుందన్న లోకోక్తికి లొంగనివాడు ఒక్కడున్నా, విద్యాలయం విద్యాలయంగా నిలుస్తుందని ఆయన జీవితం చాటుతున్నది.