ఆనందుడి 500 చీవరాలు

ఆనందుడు శాక్యుడు. బుద్ధ భగవానుడికి చిన్నాన్న కొడుకు. పాతికేళ్లు తథాగతుడిని కనిపెట్టుకుని ఉన్నాడు. భగవానుడికి దానంగా వచ్చిన మంచి చీవరాలు తనకివ్వకూడదన్న షరతు మీదే ఆ బాధ్యత ఒప్పుకున్నాడు. బట్టల కోసం సేవ చేస్తున్నాడన్న మాట రాకూడదు కదా!

మహాప్రజాపతి గౌతమి వైపు నిలబడి, స్త్రీలకు సంఘంలో చోటు అడిగింది ఆయనే. నీళ్లివ్వడానికి జంకిన మాతంగ పిల్ల ప్రకృతికి, తాను కులం అడగలేదు, నీళ్లే అడిగానని చెప్పి తాగిందీ ఆయనే. మగధ పొలాల గట్లను భగవానుడు చూపిస్తే, అదే తీరున ముక్కలు కుట్టి చీవరం తయారుచేయించిందీ ఆయనే.

మహాపరినిర్వాణం తర్వాత రాజగృహ సంగీతిలో ధమ్మాన్ని చెప్పి, ఆనందుడు కౌశాంబికి వెళ్లాడు. అక్కడ ఉదయన రాజు రాణులు ధమ్మం విని 500 చీవరాలు దానమిచ్చారు. రాజుకి కోపమొచ్చింది. ఈ భిక్షువు బట్టల కొట్టు పెడతాడా ఏంటని నేరుగా వచ్చి అడిగాడు.

చీవరాలు చిరిగిపోయిన భిక్షువులకు ఇవి పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు తొడుగులు, అవి పాతబడితే కింద పరుచుకోవడానికి, తర్వాత కాళ్లు తుడుచుకోవడానికి, ఆ తర్వాత దుమ్ము దులపడానికి. చివరికి ఆ పీలికలను మట్టిలో కలిపి నేల మెత్తుతాం అన్నాడు. రాజు సంతోషించి మరో 500 ఇచ్చాడు.

పాతబట్ట అంటే మన పెద్దలకు అవమానమే గుర్తొస్తుంది. చచ్చినవాళ్ల బట్టలు, పగిలిన కుండలు మనవాళ్లకని మనుస్మృతి 10వ అధ్యాయం రాసిపెట్టింది. ఆనందుడి లెక్క దానికి తలకిందులు. కొత్తది అవసరమున్నవాడికి. పాతదాన్ని సంఘమే ఆఖరి పీలిక దాకా వాడుకుంటుంది. పైవాడు కిందికి విసిరేది అందులో లేదు.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మనవాళ్లు లాప్‌టాప్ ముందూ ఉన్నారు, చీపురు పట్టుకునీ ఉన్నారు. ఒకరు పారేసింది ఇంకొకరు ఎత్తాలి. అది చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో గుట్టవుతుంది. ఆ గుట్ట పక్కన బతికేదీ పేదోళ్లే. అందుకే నిచ్చెన, డ్రిల్ మిషన్ లాంటివి ఇంటికొకటి కొనకుండా అడిగి తెచ్చుకుందాం, వాడాక తిరిగిచ్చేద్దాం. పిల్లల పుస్తకాలు చేతులు మారనిద్దాం. పాత చీరలు బొంతలు కుట్టుకుందాం. ఇచ్చేది ఏదైనా ఉతికి, బాగుచేసి, మనం వేసుకోగలిగిందే ఇద్దాం. వేసుకోలేనిది మన ఇంటి మసిగుడ్డ కావాలి గానీ దానం కాకూడదు.

నమో బుద్ధాయ! జై భీమ్!