మరిగిన రసం చల్లారేలోపు: లూయీ పాశ్చర్ జీవితం

బీరు సంగతి రైతుకూలీల శీర్షికలో ఎందుకని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి లేచిన నేల మనది. తాగుడు ఎన్ని కొంపలు కూల్చిందో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. బీరు తాగమని మేము రాయడం లేదు. కాచిన రసం చల్లారేలోపు అందులో ఏం పడుతుంది, కడిగిన కుండ నిజంగా శుభ్రపడిందా లేదా అన్న చిన్న ప్రశ్న పట్టుకుని ఒక మనిషి ఎంత దూరం నడిచాడో చెప్పాలని మా ఉద్దేశం.

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలో జూరా ప్రాంతపు దోల్ పట్టణంలో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో సార్జంటుగా పనిచేసి, యుద్ధాలయ్యాక తోళ్లు పదునుపెట్టే వృత్తిలోకి వచ్చాడు. కుటుంబం తర్వాత ఆర్బువా అనే ద్రాక్షతోటల ఊరికి చేరింది. తోళ్ల తొట్ల పక్కన పెరిగిన పిల్లవాడు పారిస్ వెళ్లి రసాయనశాస్త్రం చదివాడు. 1848లో, ఇరవై అయిదేళ్ల వయసులో, టార్టారిక్ ఆమ్లపు స్ఫటికాల్లో కుడి ఎడమల తేడా కనిపెట్టి పండితుల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆ గొడవ మనకు అంతగా అవసరం లేదు.

మనకు కావలసిన కథ 1856లో లీల్ పట్టణంలో మొదలవుతుంది. అది బీటుదుంపల నుంచి సారాయి తీసే ఫ్యాక్టరీల ఊరు. పాశ్చర్ అక్కడి కాలేజీకి పెద్ద. ఆయన దగ్గర చదివే ఒక కుర్రవాడి తండ్రి బిగోకు అలాంటి ఫ్యాక్టరీ ఉంది. కొన్ని తొట్లలో రసం బాగా పులుస్తోంది, కొన్నింటిలో చెడి పాడవుతోంది. కారణం ఎవరికీ తెలీదు. పాశ్చర్ ఫ్యాక్టరీకి పోయి, రెండు రకాల తొట్ల నుంచీ చుక్క చుక్క తీసుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. బాగున్న తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు. చెడిన తొట్టిలో వాటికంటే బాగా చిన్నవి, సన్నటి కడ్డీల్లాంటివి. అవే రసాన్ని పులిసిన పాలలాగా మారుస్తున్నాయి. పులియడం ఊరికే జరిగే రసాయన మార్పని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే వాదిస్తున్న రోజులవి. కాదు, ఇది బతికున్న జీవుల పని, ఏ జీవి చేరితే ఆ ఫలితం వస్తుందని 1857లో పాశ్చర్ రాశాడు.

మరి ఆ జీవులు ఎక్కడినుంచి వస్తున్నాయి? కుళ్లులోంచి వాటంతటవే పుడతాయన్న నమ్మకం అప్పటికి బలంగా ఉంది. పాశ్చర్ హంస మెడలాగా వంకర తిరిగిన గొట్టం ఉన్న గాజు బుడ్లలో రసం పోసి మరిగించాడు. గొట్టం తెరిచే ఉంది, గాలి లోపలికి పోతూనే ఉంది. కాని దుమ్ము ఆ వంపులో ఆగిపోతోంది. రసం చెడలేదు. మెడ విరగ్గొడితే కొద్ది రోజుల్లో చెడింది. అంటే గాలి దోషం కాదు, గాలిలో తేలే దుమ్ముతో వచ్చే బీజాలదే దోషమన్నమాట. ఈ పనికి 1862లో ఫ్రెంచి అకాడమీ బహుమతి వచ్చింది.

ఈ పని నడుస్తుండగానే, 1859లో, పెద్ద కూతురు జాన్ తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్‌తో పోయింది. 1866లో మరో కూతురు సెసిల్‌ను, పన్నెండేళ్ల పిల్లను, అదే జ్వరం తీసుకుపోయింది. టైఫాయిడ్ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూడడం 1880 దాకా జరగలేదు. చెరువు నీళ్లు తాగి పిల్లల్ని పోగొట్టుకున్న కూలీ కుటుంబాలు మనవాళ్లలో ఎన్నో. ఆ తండ్రి దుఃఖం వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ద్రాక్షసారా చెడిపోతోందని 1863లో చక్రవర్తి మూడో నెపోలియన్ కబురు పెడితే, దాన్ని గాలి తగలకుండా యాభై అరవై డిగ్రీల దాకా వేడిచేస్తే నిలవుంటుందని పాశ్చర్ తేల్చాడు. మనం పాల ప్యాకెట్ల మీద చూసే పాశ్చరైజ్డ్ అన్న మాట ఇక్కడినుంచే వచ్చింది. తర్వాత 1865 నుంచి దక్షిణ ఫ్రాన్సులో ఆలెస్ దగ్గర పట్టుపురుగుల తెగులు మీద పనిచేశాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలకను నలిపి సూక్ష్మదర్శిని కింద చూడాలి, పెబ్రిన్ ఉంటే ఆ గుడ్లు తగలబెట్టాలి. హిందూపురం వైపు పట్టు రైతులు కొనే గుడ్ల వెనక ఈ పరీక్షే ఉంది. ఆ పని మధ్యలో, 1868 అక్టోబరులో, పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు దెబ్బతిన్నాయి. అప్పటికి వయసు నలభై అయిదు. ఆ తర్వాత చేసిందంతా అవిటి చేత్తోనే.

1870లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించింది. పాశ్చర్ దేశాభిమానం మొండిది. జర్మనీ విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డిగ్రీని తిప్పి పంపాడు. జర్మన్లకు పేరు తెచ్చిన బీరును ఫ్రాన్సులో అంతకంటే బాగా చేయించి కసి తీర్చుకోవాలనుకున్నాడు. 1871లో పారిస్ కార్మికులు కమ్యూన్ జెండా ఎత్తి పోరాడుతున్నప్పుడు ఆయన క్లెర్మాంట్‌లో శిష్యుడు ద్యుక్లో ఇంట ఉండి, దగ్గర్లోని షమలియేర్‌లో కూన్ అనే ఆసామి బీరు ఫ్యాక్టరీలో బానలు పరీక్షిస్తున్నాడు. కార్మికుల పోరాటం ఆయనకు పట్టలేదు. ఆ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. తమాషా ఏమిటంటే ఆయనకు బీరంటే పెద్దగా ఇష్టం కూడా లేదు.

బీరు ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెడతారు. మన రాగి మొలకల పిండి లాగానే అదీ తీపెక్కుతుంది. ఆ తీపి రసాన్ని వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరగకాస్తారు. మరిగేటప్పుడు దానిలోని క్రిములు దాదాపు అన్నీ చస్తాయి. ప్రమాదం అక్కడ లేదు, ఆ తర్వాత ఉంది. మరిగే రసంలో ఈస్టు వేస్తే ఈస్టే చస్తుంది, కనుక చల్లార్చాలి. ఆ రోజుల్లో చల్లార్చడానికి వెడల్పాటి, లోతులేని తొట్లలో పోసి గంటల తరబడి గాలికి వదిలేవాళ్లు. రసం గోరువెచ్చగా అయ్యేసరికి, తీపి ఉంది, వెచ్చదనం ఉంది, అడ్డుకునే ఈస్టు ఇంకా లేదు. గాలిలోంచి రాలిన ప్రతి బీజానికీ అది పెళ్లిభోజనం. పాలు కాచి మూత పెట్టకుండా రాత్రంతా వదిలేస్తే ఏమవుతుందో మన అమ్మలకు తెలుసు.

రెండో దారి పాత్రలు. కొయ్య బానల సందుల్లో, గొట్టాల్లో, గుడ్డల్లో పాత రసం అంటుకుని ఉంటుంది. కంటికి శుభ్రంగానే కనబడుతుంది. కడగడం వేరు, క్రిమి లేకుండా చేయడం వేరు. ముందు మురికి తోమి తీయాలి, లేకపోతే ఆ పొర కింద క్రిములు దాక్కుంటాయి. ఆ తర్వాత మరిగే నీళ్లో ఆవిరో పట్టించాలి. మూడో దారి ఈస్టే. పెరుగుకు తోడు వేసినట్టు పాత బాన అడుగున మిగిలిన ఈస్టును కొత్త బానలో వేస్తారు. తోడులోనే చెడ్డది కలిసి ఉంటే ప్రతి బానా చెడుతూ పోతుంది.

పాశ్చర్ చెప్పిన విరుగుడు సాదాది. మరిగిన రసాన్ని మూతపెట్టిన లోహపు పాత్రలోకి వేడిగా ఉన్నప్పుడే పంపాలి. పాత్ర బయట చన్నీళ్లు పారించి చల్లార్చాలి. చల్లారేటప్పుడు లోపలికి గాలి పీల్చుకుంటుంది గనుక ఆ గాలి దూది గుండా రావాలి. ఆ తర్వాత శుద్ధమైన ఈస్టు వెయ్యాలి. దీని మీద 1871 జూన్ 28న ఫ్రాన్సులో పేటెంటు తీసుకున్నాడు, 1873లో అమెరికాలో కూడా. ప్రకృతి నుంచి నేర్చుకున్న సంగతికి పేటెంటు ఏమిటని మాకు అనిపిస్తుంది.

1871 సెప్టెంబరులో లండన్‌లో విట్‌బ్రెడ్ అనే పెద్ద కంపెనీకి వెళ్లాడు. వాళ్ల ఈస్టు కొంచెం అడిగి సూక్ష్మదర్శినిలో చూసి, మీ పోర్టర్ బీరులో లోపం ఉంది, ఉండి తీరాలి అన్నాడు. మేనేజర్లు ముఖాలు చూసుకున్నారు. చెడిన బీరు సంగతి వాళ్లు బయటికి చెప్పలేదు మరి. వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి కంపెనీ సూక్ష్మదర్శిని కొనిపెట్టుకుంది. ఈ అనుభవమంతా 1876లో బీరు మీద రాసిన పుస్తకంలో పెట్టాడు. ఆ ఏడే సెనేటుకు పోటీచేసి చిత్తుగా ఓడిపోయాడు.

ఆయన వదిలేసిన ఒక ముడిని డెన్మార్కులో విప్పారు. చెడుపు చేసేవి కడ్డీ క్రిములేనని పాశ్చర్ అనుకున్నాడు. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బెర్గ్ యజమాని యాకబ్‌సన్ పెట్టిన ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ 1883లో, ఈస్టుల్లోనే మంచి జాతులూ చెడ్డ జాతులూ ఉంటాయని తేల్చి, ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టు పెంచాడు. యాకబ్‌సన్ దాన్ని దాచుకోకుండా అడిగిన వాళ్లకు ఇచ్చాడు. పెట్టుబడిదారుడైనా ఈ పనికి మెచ్చుకోవలసిందే. ఇవాళ ఇంగ్లండు, అమెరికాల్లో చట్ట ప్రకారం ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు రాగి గొట్టపు చుట్టను మరిగిన రసంలో దించి, లోపల చన్నీళ్లు పారించి తొందరగా చల్లారుస్తారు. పొయ్యి ఆర్పాక రసానికి తగిలే గరిటె నుంచి మూత దాకా క్రిమిరహితం చేసుకుంటారు.

బానలు కడిగే ఈ చదువు ఆస్పత్రికి కూడా పోయింది. పాశ్చర్ రాతలు చదివి స్కాట్లండులో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను 1865లో గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడాడు. 1879లో పారిస్ వైద్య అకాడమీలో బాలింత జ్వరానికి కారణం చూపిస్తూ పాశ్చర్ లేచి బోర్డు మీద గొలుసులాంటి క్రిమి బొమ్మ గీశాడు. వైద్యుల చేతులే ఆ క్రిమిని ఒక తల్లి నుంచి మరో తల్లికి మోస్తున్నాయని చెప్పాడు. చేతులు కడుక్కోమంటే చాలామంది డాక్టర్లకు అవమానంగా తోచింది. బీరు మేనేజర్లే నయం, వారంలో సూక్ష్మదర్శిని కొన్నారు.

1881లో పుయీ లె ఫోర్ అనే పల్లెలో దొమ్మరోగానికి టీకా పరీక్ష జరిగింది. టీకా వేసిన ఇరవై నాలుగు గొర్రెలు నిలబడ్డాయి, వెయ్యని ఇరవై నాలుగూ చచ్చాయి. రైతులకు అది పండగ. కాని ఆ టీకాను తన పద్ధతిలో కాక సహాయకుడు షాంబర్లాన్ పద్ధతిలో తయారుచేయించి, ఆ మాట పాశ్చర్ బయటపెట్టలేదు. ఆయన నోటుపుస్తకాలు చదివి 1995లో చరిత్రకారుడు గైసన్ ఈ సంగతి రాశాడు. టీకా పనిచేసింది నిజం, దాచిందీ నిజం.

1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రవాడికి మొదటి సూది వేయించాడు. చందాలతో 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ లేచింది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు. మన దక్షిణాదికి 1907లో కూనూరులో ఆయన పేరుతో సంస్థ వచ్చింది. మా చిన్నప్పుడు పల్లెలో కుక్క కరిస్తే గొర్రె మెదడుతో చేసిన మందును బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవాళ్లు. ఆ భయానికి మంత్రగాడి దగ్గరికి పోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఆ సూదులు లేవు, చేతికి నాలుగైదు వేస్తారు. అంతకు ముందు, కరిచిన చోటును సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగమంటారు. పసుపూ కారమూ అద్దవద్దు.