రెండు అద్దాల శాస్త్రజ్ఞుడు షార్ల్ ఫాబ్రీ

నిర్మాత తలచిన ప్రయోజనాన్ని దాటి తరతరాలకు ఉపకరించే పరికరాలు కొన్ని ఉంటాయి. అట్టి పరికరాన్ని లోకానికి ప్రసాదించిన ధన్యజీవి షార్ల్ ఫాబ్రీ.

ఫాబ్రీ 1867 జూన్ 11న ఫ్రాన్సు దేశంలోని మార్సెయ్ నగరంలో జన్మించారు. సోదరులతో కలిసి నక్షత్రాలను పరిశీలిస్తూ పెరిగిన ఆయన ప్యారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివి, 1892లో డాక్టరేటు పొంది, 1894లో మార్సెయ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైనారు.

రెండు లోహఫలకాల నడుమ గల అతిస్వల్పమైన ఎడాన్ని కొలవడమెట్లని ఒక యువ శాస్త్రజ్ఞుడు అడిగిన ప్రశ్న ఆయనను ఆలోచింపజేసింది. సహచరుడు ఆల్ఫ్రెడ్ పెరోతో కలిసి, పలుచని వెండిపూత గల రెండు గాజుపలకలను ఎదురెదురుగా, సమాంతరంగా నిలిపారు. వాటి నడుమ కాంతి అనేక పర్యాయాలు అటునిటు ప్రతిఫలిస్తుంది. ఆ ఎడంలో సరిగా ఇమిడే తరంగాలు మాత్రమే బలంగా వెలువడతాయి; తక్కినవి పరస్పరం రద్దవుతాయి. 1897లో వెలుగు చూసిన ఈ విధానం వల్ల కాంతి తరంగదైర్ఘ్యాలను అత్యంత సూక్ష్మంగా కొలవడం సాధ్యమైంది.

1913లో ఆయన ఆన్రీ బ్యూసోన్‌తో కలిసి, సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డగించేది ఊర్ధ్వ వాతావరణంలోని ఓజోనేనని నిరూపించారు. తదుపరి సోర్బన్‌లో ఆచార్యులుగా, ప్యారిస్ ఆప్టిక్స్ సంస్థకు తొలి డైరెక్టరుగా సేవలందించి, 1945 డిసెంబరు 11న కన్నుమూశారు.

అయితే ఆ అద్దాల కథ అంతటితో ముగియలేదు. స్ట్రాస్‌బూర్గ్‌లో తోమాస్ ఎబ్బెసన్ బృందం 2012లో అణువులను అట్టి అద్దాల నడుమ బంధించి, కాంతివల్ల జరిగే ఒక రసాయన చర్య వేగం మారుతుందని చూపింది. 2016లో మరింత విస్మయకరమైన ఫలితం వెల్లడైంది. బయటినుండి కాంతి ప్రసరింపజేయకున్నా, అద్దాల ఎడాన్ని అణుబంధ కంపనంతో శ్రుతి కలిపినంతనే ఒక రసాయన చర్య మందగించింది. శూన్యంలోనూ విద్యుదయస్కాంత క్షేత్రం పూర్తిగా నిశ్చలంగా ఉండదు. అద్దాల నడుమ ఆ క్షేత్రమూ అణువుల కంపనమూ పెనవేసుకొని ఒక్కటిగా వర్తిస్తాయి. ఇందువల్ల చర్య వేగం ఎట్లు మారుతున్నదో వివరించే సిద్ధాంతంపై పండితులలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

కొలత కోసం నిలిపిన అద్దాలు రసాయన శాస్త్రానికి కొత్త ద్వారం తెరిచాయి. ప్రయోగశాలలో కొలతలను విసుగుతో ముగించే విద్యార్థి లోకానికి ఫాబ్రీ జీవితం బోధించే పాఠమిదే: నిష్ఠతో చేసిన చిన్న పనికి ఫలం ఎంత దూరాన కాస్తుందో చేసినవారికి సైతం తెలియదు.