నోటిమాటకు కలం పట్టించిన పంతులుగారు



మన పాతబస్తీలో సత్యోపదేశ తరగతికి వచ్చే పిల్లలను ఒకమారు తమ ఇంటి పెద్దల గురించి ఒక పుట వ్రాసి తెమ్మన్నాను. లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ వైపు పెరిగే పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు అలవాటు. ఒక బాలుడు తన నాయనమ్మ గురించి ఇంటి మాటలతోనే వ్రాశాడు. ఆమెకు పానం బాగలేదని, రాత్రంతా దగ్గినా పొద్దున్నే లేచి తనకు చాయ్ పెట్టిందని ఆ పుటలో ఉంది. నేను ఎర్ర సిరాతో పానాన్ని ఆరోగ్యంగాను, చాయ్‌ని తేనీరుగాను దిద్దాను. మరుసటి వారం ఆ బాలుడు తెచ్చిన పుటలో ఒక్క తప్పూ లేదు. నాయనమ్మ కూడా లేదు. అన్నీ గైడులో నుండి ఎత్తి వ్రాసిన వాక్యాలే. ఆ దోషం బాలునిది కాదు, నాది.

ఆనాడు నాకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. పిల్లల చేత వ్రాయించడం గురించి ఆయన జీవితం నేర్పే పాఠం మన తల్లిదండ్రులకు, ఉపదేశకులకు నేటికీ అవసరం.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరి, 1911 వరకు ఆ ఊరనే పాఠాలు చెప్పారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషలో ఒక్క పుస్తకమూ లేదు, ఆ భాషలో చదువు చెప్పే బడీ లేదు. రామమూర్తిగారు తెలుగు తెలిసిన ఒక సవరను ఆశ్రయించి ఆ భాషను మాట మాటగా నేర్చుకున్నారు. వారి పాటలు, కథలు సేకరించారు. వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. కొండలలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. పరుల మాట వినడానికి వెళ్ళి తన వినికిడినే పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆ రోజులలో తెలుగు పిల్లల కష్టం మరొక విధంగా ఉండేది. ఇంట్లోను, బజారులోను, తరగతిలో కూడా అందరూ మాట్లాడే తెలుగు ఒకటి. పరీక్షలో వ్రాయవలసిన తెలుగు మరొకటి. వస్తున్నాడని నోట చెప్పి వచ్చుచున్నాడని వ్రాయాలి. పద్యానికి అర్థం చెప్పే పండితుడు కూడా వాడుక భాషలోనే చెప్పి, అదే అర్థాన్ని పిల్లవాడు కాగితం మీద పెడితే తప్పు అనేవాడు. బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్సు అనే ఇంగ్లీషు అధికారికి ఈ తేడా విడ్డూరంగా తోచింది. ఆ అధికారి వేసిన ప్రశ్నకు రామమూర్తిగారు జీవితమంతా సమాధానం వెదికారు.

ఆయన వాదన తేలికైనది. పండితుల పుస్తకాలనే ముందు పెట్టుకొని, వారు పాటించమనే వ్యాకరణం ప్రకారం వారే ఎన్ని తప్పులు చేశారో తన బాలకవి శరణ్యంలో ఎత్తి చూపారు. జీవితమంతా చదివిన వారికే పట్టుబడని భాష వ్రాయలేదని పదిహేనేళ్ళ బాలుణ్ణి శిక్షించడం న్యాయమా?

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసాన్ని వాడుక భాషలో కూడా వ్రాయవచ్చునని అనుమతి వచ్చింది. పండితులు ఆందోళన చేయగా 1914లో అది రద్దయింది. రామమూర్తిగారు నిరాశ చెందలేదు. 1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపారు. అదే సంవత్సరం కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. సరిగా వినబడని చెవులతోనే ఊరూరా తిరిగి సభలలో వాదించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రికి వచ్చారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

తిరుసభ చరిత్రలో కూడా ఇటువంటి ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఫ్రాన్సులో పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ (1651-1719) పేద పిల్లలకు లాటిను బదులు వారి మాతృభాషయైన ఫ్రెంచిలోనే ముందు చదవడం నేర్పించారు. చేతివ్రాత కుదిరిన పిల్లల చేత రశీదులు, ఒప్పంద పత్రాలు వంటి నిత్యావసరమైనవి వ్రాయించారు. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించారు.

అయితే పిల్లలు ఎలా వ్రాసినా సరేనని రామమూర్తిగారు అనలేదు. ఆయన కోరినది చదువుకున్నవారి వాడుక భాష. మన పాతబస్తీ బాలుని ఇంటి తెలుగు దానికి కూడా కొంత దూరమే. ఆ దూరం వాడు నడవాలి, పదిమందికి తెలిసే తెలుగు నేర్చుకోవాలి. కాని నడక వాడి ఇంటి గడప నుండే మొదలు కావాలి. సవర పిల్లలకు పంతులుగారు చేసినది అదే.

కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏదైనా వ్రాసి తెస్తే ముందు అందులోని విషయం చదవండి. మీకు అర్థమైనదేమిటో బిడ్డకు చెప్పండి. వ్రాసినదాన్ని బిడ్డ చేతనే పైకి చదివించండి; చాలా తప్పులు చెవికే దొరుకుతాయి. ఎర్ర సిరా ఆ తరువాత. అది కూడా ఒకనాటికి రెండు మూడు తప్పులకే చాలు.

ఆ బాలునికి నేను మొదటి పుట తిరిగి ఇచ్చి, నా దిద్దుబాట్లను నేనే కొట్టివేసి, నాయనమ్మ గురించి ఇంకొంచెం వ్రాయమని అడిగాను. ఇంకా తేలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతాను.