యల్లాప్రగడ సుబ్బారావు

కొందరు శాస్త్రవేత్తల పేర్లు లోకానికి అంతగా తెలియవు. కాని వారు అందించిన ఔషధాలు ప్రపంచమంతటా ప్రాణాలు నిలుపుతూ ఉంటాయి. అటువంటి మహనీయులలో యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో ఆయన మనస్సు చదువుపై నిలవలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి కంటగింపయింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలోనే మరణించారు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు గ్రహించలేక రోగి క్రమంగా క్షీణించే వ్యాధి అది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1920వ దశకం తొలి సంవత్సరాలలో సుబ్బారావు భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి, అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. మళ్ళీ ఆమెను చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసి పొట్టపోసుకుంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్య నభ్యసించారు. సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వారు కండరాలలో గుర్తించారు. మన కండరాలు సంకోచించడానికి కావలసిన శక్తిని అందించేది ఏ.టి.పి.యే. క్షణమైనా విశ్రమించని గుండె కొట్టుకోవడం కూడా దానిపైనే ఆధారపడి ఉంటుంది.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నేతృత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా ఆయన బృందాల కృషి ఫలాలే.

ఫోలిక్ ఆమ్లం కణాల వృద్ధికి అవసరం. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థం క్యాన్సర్ కణాలను నిరోధించగలదు. ఈ ఆలోచన నుండే ఎమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ రూపొందాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఎమినాప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగింది. 1948 జూన్‌లో వెలువడిన ఈ ఫలితాలు కీమోథెరపీకి బాటలు వేశాయి.

అయితే క్యాన్సర్ కణాన్ని అణచే మందు ఎముక మజ్జను కూడా బాధిస్తుంది. అప్పుడు ఎర్ర రక్తకణాలు తగ్గి, ప్రాణవాయువు కొరత తీర్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. వాంతుల వల్ల శరీరంలో నీరు తగ్గడం, జ్వరం, భయం కూడా గుండె వేగాన్ని పెంచుతాయి. తరువాతి కాలంలో వచ్చిన డాక్సోరూబిసిన్ వంటి మందులు, మోతాదు పెరిగిన కొద్దీ గుండె కండరాన్నే బలహీనపరచగలవు. అందువల్ల వైద్యులు చికిత్సకు ముందు, మధ్యలో ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయిస్తారు. పెద్దవారికి విశ్రాంతిలో ఉన్నప్పుడు నిమిషానికి 60 నుండి 100 వరకు నాడి కొట్టుకోవడం సాధారణం. రోగి తన నాడిని రోజూ లెక్కించి వ్రాసుకోవాలి. పడక నుండి నెమ్మదిగా లేవాలి. వైద్యుడు చెప్పినంత నీరు త్రాగాలి. మార్పు కనిపిస్తే తానుగా మందు మానక వైద్యునికి తెలియజేయాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి.

ఇతరుల ప్రాణాలకై రేయింబవళ్ళు శ్రమించిన సుబ్బారావు తన ఆరోగ్యాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఎమినాప్టెరిన్ ఫలితాలు లోకానికి వెల్లడైన రెండు నెలలకే, 1948 ఆగస్టులో గుండెపోటుతో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. గుండెకు శక్తినిచ్చే పదార్థాన్ని గుర్తించిన ఆయన గుండె ఆగిపోవడం విధి వైపరీత్యం. 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

పరీక్షలో తప్పిన బాలుడు అపజయాలకు తలవంచక మానవజాతికి ఆయుష్షు పోశాడు. విద్యార్థులు ఆయన నుండి పట్టుదలను అలవరచుకోవాలి. ఆయన నిర్లక్ష్యం చేసిన ఆరోగ్యాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవాలి.