ఉరిశిక్ష నుంచి లోక్‌సభ దాకా: గాం మల్లుదొర

1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఇద్దరు సభ్యులు వెళ్లారు. అప్పట్లో ఈ నియోజకవర్గానికి రెండు స్థానాలుండేవి. వాటిలో ఒకటి గిరిజనులకు కేటాయించినది. ఒక స్థానంలో లంకా సుందరం గెలిచారు. రెండో స్థానంలో గెలిచినాయన గాం మల్లుదొర. ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే. మల్లుదొరకు అంతకు ముప్పై ఏళ్ల కిందట ఇంగ్లీషు ప్రభుత్వం ఉరిశిక్ష వేసింది. రాజ్యం చంపాలనుకున్న మనిషి రాజ్యాంగం వచ్చాక చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అల్లూరి సీతారామరాజు పేరు తెలియనివాళ్లు లేరు, ఉండకూడదు కూడా. కానీ ఆయన వెనక నడిచిన మన్యం మనుషుల పేర్లు అడిగితే చాలామంది ఒకటి రెండు దగ్గర ఆగిపోతారు.

మల్లుదొర కథ అర్థం కావాలంటే ఇంగ్లీషువాళ్లు సముద్రపు ఒడ్డు నుంచి కొండ మీదికి ఎలా వచ్చారో ముందు చూడాలి. 1680ల్లో విశాఖ ఒడ్డున వాళ్లకు ఉన్నది ఒక వర్తక స్థావరం మాత్రమే. బట్టలు కొనుక్కుని ఓడలకెక్కించే చోటు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయాడు. 1802లో శాశ్వత శిస్తు వచ్చింది. మైదానమంతా లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. మిగిలింది కొండలు. అక్కడ మాటిమాటికీ తిరుగుబాట్లు లేవడంతో 1839లో ప్రత్యేక చట్టం చేసి, మామూలు కోర్టులను, చట్టాలను పక్కనబెట్టి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా కూర్చోబెట్టారు. మనం రోజూ వాడే ఏజెన్సీ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇదే ఇంగ్లీషుజాతి అంతకు ముందే, 1607లో, అమెరికా తూర్పు తీరాన జేమ్స్‌టౌన్‌లో ఊరు కట్టుకుంది. అక్కడ కుటుంబాలతో సహా వలస వచ్చి, నేల ఆక్రమించి, అక్కడి ఆదివాసులను పడమటికి నెట్టుకుంటూ పోయారు. స్వతంత్రం వచ్చాక అమెరికా ప్రభుత్వం ఆ పని ఇంకా జోరుగా చేసింది. 1830లో తరలింపు చట్టం చేసి, 1838లో చెరోకీలను సొంత నేల నుంచి సైన్యంతో వెళ్లగొట్టింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. మన కొండల్లో తెల్లవాళ్లు అలా కాపురాలు పెట్టలేదు, మన్యం జ్వరం పెట్టనివ్వలేదు. ఇక్కడ వాళ్లకు కావలసింది అడవి, కలప, పన్ను, రోడ్డు. అందుకని మనిషిని అక్కడే ఉంచి అతని చేతిలోని అడవిని మాత్రం తీసుకున్నారు. నా మటుకు నాకు ఈ రెండిటిలో ఏది ఎక్కువ క్రూరమో తేల్చడం కష్టం.

జీలుగు కల్లు మీద చిగురుపన్ను వేసినందుకు 1879లో రంప లేచింది. 1882 అటవీ చట్టంతో పోడు నేరమైంది. అడవిలో కట్టెలు కొట్టుకోవాలన్నా, పశువులు మేపుకోవాలన్నా ఫారెస్టువాళ్ల దయ. తరతరాలుగా కొండగ్రామాల పెత్తనం చూసిన ముఠాదారులు సర్కారు చెప్పుచేతల్లోకి వచ్చారు. ఆ తరువాత రోడ్డు వచ్చింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా ఘాట్ రోడ్డు వేయిస్తూ మన్యంవాళ్లను పట్టుకొచ్చి, నామమాత్రపు కూలి ఇచ్చి, ఎదురు చెబితే కొట్టి పని చేయించాడు. చలికాలంలో మంచు చూడ్డానికి ఇవాళ కార్లు బారులు తీరే లంబసింగి దారి ఆ చాకిరీతో మొదలైందే.

బాస్టియన్‌తో తగాదా పడినవారిలో బట్టిపనుకుల మునసబు గాం గంటందొర ఒకరు. మునసబు అంటే ఊళ్లో ప్రభుత్వానికి ప్రతినిధి. ఆ పదవిలో ఉండి కూడా ఆయన ఊరి పక్షాన నిలబడ్డారు, ఆ పదవి పోగొట్టుకున్నారు. ఆయన సోదరుడే మల్లుదొర. పితూరీ ఎవరో బయటి నుంచి తెచ్చి పెట్టింది కాదనడానికి ఈ ఒక్క ఇల్లు చాలు. సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట వచ్చేసరికే ఇక్కడ కడుపుమంట ఉంది. ఆయన దానికి ఒక క్రమం, ఒక వ్యూహం ఇచ్చారు.

1922 ఆగస్టు 22న దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తీసుకున్న తుపాకుల వివరం రాసి, కింద సంతకం చేసి మరీ వెళ్లారు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. ఆ పైన మిరపకాయ టపా పంపి, వస్తున్నామని ముందే చెప్పి దాడి చేసిన రోజులూ ఉన్నాయి. గాం సోదరులిద్దరూ ఈ దళంలో ముందువరుసలో ఉన్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను గురిచూసి కొట్టారు. కొండదారి, వంపు, ఎవరు ఎక్కడ దాగితే ఎవరు కనిపిస్తారు అన్నది మన్యంవాళ్లకు పుట్టుకతో వచ్చిన చదువు. ఆ చదువే లేకపోతే ఎంత గొప్ప నాయకుడైనా రెండేళ్లు నిలబడగలిగేవాడు కాదు. మలబారు పోలీసులు చాలక, చివరికి అస్సాం రైఫిల్స్‌ను కూడా దింపవలసి వచ్చింది.

మల్లుదొర గురించి ఒక మాట దాచకూడదు. రాజు దళానికి గట్టి కట్టుబాట్లు పెట్టారు. మల్లుదొర వాటికి పూర్తిగా ఒదగలేదని, తాగుడు అలవాటు మానలేకపోయాడని చరిత్రకారులు రాశారు. 1923 సెప్టెంబరులో ఆయన నడింపాలెంలో ఒక ఇంట్లో ఉండగా పట్టుబడ్డారు. దళానికది పెద్ద దెబ్బ. కొందరు మనవాళ్లు ఈ భాగం చెప్పడానికి సిగ్గుపడతారు. నాకు అది అనవసరమనిపిస్తుంది. ఆయన రుషి కాడు, మన ఊళ్లలో కనిపించే మనిషే. అలాంటి మనిషే తుపాకీ పట్టి సామ్రాజ్యానికి ఎదురు నిలిచాడు.

కోర్టు ఉరి వేసింది. తరువాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్ పంపారు. ఆయన బందీగా ఉన్న కాలంలోనే 1924 మే 7న సీతారామరాజును మంపలో పట్టుకుని, విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చి చంపారు. జూన్‌లో గంటందొరనూ కాల్చేశారు. ఆ జూన్‌లోనే, 2వ తేదీన, అమెరికా తన గడ్డ మీది ఆదివాసులందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం చేసింది. వాళ్ల నేలలోనే వాళ్లు పౌరులు కావడానికి జేమ్స్‌టౌన్ నుంచి మూడు వందల ఏళ్ల పైచిలుకు పట్టింది. దళంలో మరో ముఖ్యుడు అగ్గిరాజు కూడా అండమాన్ వెళ్లాడు, అక్కడే చనిపోయాడు.

మల్లుదొర తిరిగొచ్చారు. అండమాన్ నుంచి ప్రాణాలతో రావడమే ఒక విశేషం. వచ్చేసరికి తోడబుట్టినవాడు లేడు, నాయకుడు లేడు. ఎంత ధీమాగా ఉన్న మనిషైనా అక్కడితో ఓ మూల కూర్చుండిపోతాడు. ఆయన ఎన్నికల్లో నిలబడ్డారు. ఏ పార్టీ గుర్తూ లేకుండా, ఓటంటే ఏమిటో అందరూ మొదటిసారి తెలుసుకుంటున్న రోజుల్లో గెలిచారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కూడా లేదు, విశాఖ ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1839లో ఏజెంటు ఒక్కడి చేతిలో పెట్టిన కొండలు 1950 నుంచి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చాయి. ఆ కొండల మనిషి 1957 దాకా ఢిల్లీలో సభ్యుడిగా ఉన్నారు.

భూమి తగాదా మాత్రం ఆయనతో ఆగలేదు. 1917 నాటి భూబదలాయింపు చట్టం, 1959 నిబంధనలు, 1970లో వాటిని బిగించిన ఒకటి బై డెబ్భై, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, ఇవన్నీ ఆ తగాదా మెట్లే. ఉక్కునగరంలోనో పోర్టులోనో ఉద్యోగం చేస్తూ, సిటీ హాస్టళ్లలో చదువుకుంటూ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వీటిని ఒకసారి చదవాలి.

పండక్కి ఊరెళ్లేటప్పుడు నర్సీపట్నం దాటాక వీలు చేసుకుని కృష్ణదేవిపేటలో దిగండి. సీతారామరాజు సమాధి దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. అక్కడే గంటందొర సమాధి కూడా ఉంది.