మూసీ వరదను లెక్క కట్టిన మహనీయుడు

డర్బన్‌లో పుట్టి పెరిగిన మనకు నది అంటే భక్తీ ఉంది, భయమూ ఉంది. 1917 అక్టోబరులో ఉంగేని నది పొంగింది. ఒడ్డున కూరగాయల తోటలు వేసుకొని బ్రతుకుతున్న భారతీయ కుటుంబాలు ఎన్నో కొట్టుకొనిపోయాయి. ఆ కథ పెద్దలు చెప్పగా విన్నాము. 2022 ఏప్రిల్‌లో వచ్చిన వరదను కళ్లారా చూశాము. అందుచేత, వరదను ఎదుర్కొనే దారి చూపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితాన్ని మన పిల్లలకు చెప్పదలచాను.

ఆయన 1861 సెప్టెంబరు 15న మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం గ్రామం. ఇంట్లో మాట్లాడుకొనే భాష తెలుగే. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. చిన్ననాడే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకొంటూ బెంగుళూరులో చదువుకొన్నారు. పిదప పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరారు. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా ఆనకట్టకు, నీరు పెరిగితే వాటంతటవే తెరుచుకొనే తలుపులు అమర్చి పేరు తెచ్చుకొన్నారు. 1908లో ఆ కొలువు వదిలి విదేశ యాత్రకు వెళ్లారు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది ఊరి మీద పడింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టును నేటికీ చూపిస్తారు. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. 1909లో వచ్చారు.

వచ్చీరాగానే గోడలు కట్టమనలేదు. ఇంత నీరు ఎక్కడనుంచి వచ్చిందని మొదట అడిగారు. నదికి ఎగువన ఎంత వాన పడిందో, ఎన్ని చెరువులు ఉన్నాయో లెక్క తీయించారు. 788 చెరువులు ఉండగా 221 చెరువుల కట్టలు తెగాయని తేలింది. అవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అతివృష్టికి ఈ గండ్లు తోడై ఊరు మునిగిందన్న మాట.

అందుచేత ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలన్నారు. వరదను అక్కడ పట్టి ఉంచి, ఊరిలోని నది మోయగలిగినంత నీటినే కిందికి వదలాలి. అంటే వానాకాలంలో రాబోయే నీటికి జలాశయంలో చోటు మిగిల్చి ఉంచాలి. నది గట్లు ఎత్తు చేసి తోటలు వేయాలనీ, ఊరికి మురుగు కాలువలు కట్టాలనీ కూడా సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ప్రాణం తీసిన నీరే తరతరాలకు మంచినీరు అయింది.

తరువాత ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకొన్నారు. నూరేళ్లు నిండిన పిదప 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

అయితే ఒకరు కట్టి పెడితే సరిపోదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. మళ్లీ చెరువు కట్టలు తెగాయి, మళ్లీ మూసీ ఒడ్డున పేదల ఇళ్లే మునిగాయి. చెరువు కట్టను ఏటేటా చూసుకోవాలి, నీరు పోయే దారిలో ఇళ్లు లేవకుండా చూడాలి. పేదవాడు నది ఒడ్డుకు సరదాగా వెళ్లడు, వేరే చోటు దొరకక వెళతాడు. అతనికి మెరక నేల చూపడం కూడా వరద పనే.

పిల్లలారా! వాన వెలిసిన తరువాత అన్నం పొట్లాలు పంచడం పుణ్యమే. వాన రాకముందే వీధి కాలువ శుభ్రం చేసి, పల్లంలో ఉన్న పొరుగువారిని ముందుగా మన ఇంటికి పిలవడం అంతకంటే పెద్ద పుణ్యం. విశ్వేశ్వరయ్యగారి బ్రతుకులో నేను నేర్చుకొన్న పాఠం ఇదే.